డొమైను మార్చాక సైటు ఎటుపోయింది? (4వ పాఠం)

మూడో పాఠంలో డొమైనుని (సైటు పేరుని) పాత రిజిస్ట్రార్ (ఆ పేరు మనకి అమ్మే కంపెనీ) నుంచి కొత్త రిజిస్ట్రార్‌కి ట్రాన్స్‌ఫర్ చెయ్యడం పూర్తయింది కదా, అసలు టెన్షన్ ఇప్పుడే. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు అమ్మే ఒక మావయ్యగారి డాట్‌కామ్‌ని నేనే కొత్త రిజిస్ట్రార్‌కి మార్చాను. మర్నాడు పొద్దున్నే ఫోను. "బాబూ, ఇచ్ఛాపురంలో మా అమ్మాయి ఫోన్లో సైటు వస్తోంది, ఇక్కడ కొట్లో రావట్లేదు, ఏం చేశావు?" నేను బ్రౌజర్‌ని పదిసార్లు రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. మీరు ఆ పని చెయ్యకండి.

రిజిస్ట్రార్ మారినంత మాత్రాన నేమ్‌సర్వర్లు (మన సైటు, మెయిలు ఏ అడ్రసులో ఉన్నాయో అడిగినవాళ్లకి చెప్పే కంప్యూటర్లు) మారవు, మామూలుగా పాతవే కొనసాగుతాయి. అవి పాత రిజిస్ట్రార్ ఊరికే ఇచ్చినవైతే, డొమైను వెళ్లిపోయాక వాళ్లు మన రికార్డులు (ఆ అడ్రసులు రాసిపెట్టిన వరసలు) తీసేసే అవకాశం ఎక్కువ. అంటే రిజిస్ట్రీ (డాట్‌కామ్ పేర్లన్నీ ఉండే అసలు పట్టీ) జనాన్ని ఇంకా పాత గుమ్మానికే పంపుతోంది, అక్కడేమో తలుపేసేశారు. ఇచ్ఛాపురంలో వచ్చిందంటే ఆ నెట్‌వర్క్ దగ్గర పాత జవాబు నిలవుందన్నమాట. నిలవ పచ్చడికైనా గడువుంటుంది, అది తీరితే అక్కడా పోతుంది.

ఇప్పుడు మీరు చెయ్యండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి, పక్కన మీ డొమైను, దాని పక్కన నేమ్‌సర్వర్ పేరు ఇవ్వండి (ఆ పేరు హూయిజ్‌లో, అంటే డొమైను వివరాలు చూపించే సేవలో, దొరుకుతుంది). 'రెఫ్యూజ్డ్' అని వస్తే ఆ సర్వర్ దగ్గర మీ రికార్డులు లేనట్టే. అప్పుడు కొత్తచోట ముందు రికార్డులన్నీ పెట్టి, ఆ తర్వాతే ప్యానెల్‌లో నేమ్‌సర్వర్లు మార్చండి. నేను కంగారులో వెబ్‌సైటు రికార్డు ఒక్కటే పెట్టి, మెయిల్‌కి కావాల్సిన ఎంఎక్స్ మర్చిపోయాను. ఒక పూటంతా ఆర్డర్ మెయిళ్లు రాలేదు, మావయ్యగారితో తిట్లు బాగానే తిన్నాను.

మార్చాక కూడా అందరికీ ఒకేసారి కనిపించదు. డాట్‌కామ్ రిజిస్ట్రీ ఇచ్చే నేమ్‌సర్వర్ జవాబుకి గడువు 1,72,800 సెకన్లు, అంటే 48 గంటలు. ఈలోగా మళ్లీ మళ్లీ మార్చి కెలకొద్దు.

ఇంకో చిక్కుంది. అదే ఎన్ఎస్‌లుకప్‌కి చివర నేమ్‌సర్వర్ పేరు బదులు 8.8.8.8 (అడ్రసులు వెతికిపెట్టే గూగుల్ సర్వర్) ఇస్తే 'సర్వర్ ఫెయిల్డ్' అంటోంది, నేమ్‌సర్వర్‌నే నేరుగా అడిగితే మాత్రం సరైన జవాబొస్తోందా? అయితే డీఎన్ఎస్‌సెక్ (నేమ్‌సర్వర్ జవాబు అసలుదేనా అని డిజిటల్ తాళంతో సరిచూసే పద్ధతి) మీద అనుమానపడండి. పాత తాళానికి చెందిన డీఎస్ రికార్డు (ఆ తాళం గుర్తు) రిజిస్ట్రీలో మిగిలిపోయి ఉండొచ్చు. కొత్త రిజిస్ట్రార్ ప్యానెల్‌లో దాన్ని తీసేసి, ఒక రోజు ఆగి మళ్లీ అడిగి చూడండి. కొత్త తాళం పెట్టుకోవడం అయిదో పాఠంలో.