వనభోజనాల పొయ్యి: ఇసుక కప్పితే నిప్పు ఆరదు

గత కార్తీకంలో ఒక ఆదివారం సాయంత్రం, తాడేపల్లి వైపు కృష్ణ ఒడ్డున ఆడుకుంటున్న మా బంధువుల పిల్లవాడి అరికాళ్లు రెండూ బొబ్బలెక్కాయి. అక్కడ మంట లేదు, పొగ కూడా లేదు. మధ్యాహ్నం మరెవరో అక్కడ గాడిపొయ్యి తవ్వి వండుకుని, మిగిలిన నిప్పుల మీద ఇసుక కప్పి, శుభ్రంగా సర్దామన్న తృప్తితో వెళ్లిపోయారు.

మంటలో కిరోసిన్ పోయవద్దని, పిల్లలను పొయ్యికి దూరంగా ఉంచాలని ఎవరికీ చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఈ ఇసుక సంగతే. నివురుగప్పిన నిప్పు అని మాటవరసకు అంటాము గాని, కళ్లెదుట ఉన్నప్పుడు నమ్మము. ఇసుక గాలిని కొంత అడ్డుకుంటుంది, కానీ వేడిని బయటకు పోనివ్వదు. అందువల్ల తుమ్మ మొద్దుల నిప్పులు దాని కింద గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, పైన మాత్రం మామూలు ఇసుకలా కనిపిస్తుంది.

ఇసుక కప్పవద్దు, నీళ్లతోనే ఆర్పాలి. చివరి గుండిగ దించడానికి అరగంట ముందే కొత్త కట్టెలు పెట్టడం ఆపితే, ఉన్నవి చాలావరకు బూడిదవుతాయి. ఆవిరి ముఖానికి కొట్టకుండా పక్కగా నిలబడి, అంచుల నుంచి కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, కర్రతో కలియబెడుతూ, మొద్దులను తిరగేసి మళ్లీ పోయాలి. అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూసినప్పుడు వెచ్చగా తగిలితే ఆరనట్టే. ఇందుకోసం రెండు బిందెల నీళ్లు విడిగా ఉంచాలి. వాటితో గిన్నెలు కడగకూడదు.

కార్తీకంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి పొయ్యి షామియానాకు నైరుతి వైపున ఉండాలి. వంట ఆగ్నేయంలోనే చేయాలన్న వాస్తు పట్టింపు ఇంటి వరకే.

ఉసిరి చెట్టు కింద భోజనం చేయండి, పొయ్యి మాత్రం పెట్టవద్దు. ఏటిలో నానిన రాళ్లను పొయ్యిరాళ్లుగా వాడవద్దు, లోపలి తేమ ఆవిరై అవి పేలవచ్చు. పొడి ఇటుకలు తెచ్చుకోండి. గన్నేరు పుల్లలు పొయ్యిలో వేయవద్దు, కూర కలపడానికీ వాడవద్దు, ఆ చెట్టంతా విషమే. ఎండు తాటాకులు వేయవద్దు. కొండపల్లి రిజర్వు అడవిలో నిప్పు ముట్టించవద్దు, అది నేరం. వంట దగ్గర నైలాన్ చీరలు, వేలాడే చున్నీలు వద్దు. కాలితే పట్టీలు, ఉంగరాలు వెంటనే తీసి, 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయవద్దు. 108కి ఫోన్ చేయండి. ఇసుక కప్పవద్దు. బస్సు ఎక్కే ముందు ఒకరు వెనక్కి వెళ్లి పొయ్యి చోట చేయి దగ్గరగా పెట్టి చూసి రావాలి. ఆ ఒకరు ఎవరన్నది పొద్దున్నే, పొయ్యి ముట్టించక ముందే తేల్చుకోండి.