ఎయిర్ పిస్టల్ గురి తప్పుతోందా? స్క్రూ తిప్పే ముందు కార్డు తిప్పండి

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీకి మొదటిసారి సిద్ధమవుతున్నవారు నాలుగు పెల్లెట్లు ఎడమకు పడగానే సైట్ (గురిచూసేందుకు పిస్టల్ మీద ఉండే అమరిక) స్క్రూ కోసం వెతుక్కోవడం లెక్కలేనన్నిసార్లు చూశాను. పిస్టల్‌ను సురక్షితంగా పట్టుకోవడం, పెల్లెట్ పెట్టడం, రేంజ్ ఆదేశాలను పాటించడం వచ్చినవారి కోసమే ఇది రాస్తున్నాను. ఇందులోని దిక్కులన్నీ కుడిచేతి వాటం వారికి సంబంధించినవి; ఎడమచేతి వాటం వారు కుడిఎడమలు మార్చి చదువుకోవాలి.

ఏ మరమ్మతుకైనా ముందు ఒకే టార్గెట్ కార్డు మీద పది షాట్లు కాల్చి, పాయింట్లు లెక్కపెట్టకుండా, రంధ్రాలు ఏ ఆకారంలో పడ్డాయో చూడాలి. దీనికి పట్టేది పది నిమిషాలే అయినా చాలామంది దీన్నే వదిలేస్తారు.

గ్రూప్ (రంధ్రాల గుంపు) చిన్నదిగానే ఉంది, కానీ మధ్యలో లేదు. కార్డు చూసి సైట్ స్క్రూ తిప్పవలసిన సందర్భం ఇదొక్కటే. క్లబ్ పిస్టల్ అయితే, మీకన్నా ముందు వాడినవారి కంటికి సర్దిన సైట్ అది. పెల్లెట్ ఎటు జరగాలనుకుంటున్నారో వెనక సైట్‌ను అటే జరపాలి.

పెల్లెట్లు కిందికి, ఎడమకు తోకలా సాగాయి. ట్రిగ్గర్‌ను వేలితో కాక అరచేతితో పిండుతున్నారన్నమాట. నిబంధనల ప్రకారం ట్రిగ్గర్ బరువు (దాన్ని లాగడానికి పట్టే బలం) 500 గ్రాములకు తగ్గకూడదు. ఆ బరువును చూపుడువేలి మొదటి కణుపు ఒక్కటే తిన్నగా వెనక్కి లాగాలి, మిగిలిన వేళ్ల బిగువు ఏమాత్రం మారకూడదు. పెల్లెట్ లేకుండా, డ్రై ఫైరింగ్ పద్ధతిలో ఇరవైసార్లు నొక్కి, ట్రిగ్గర్ విడిన క్షణాన ముందు సైట్ ఉలిక్కిపడుతోందో లేదో చూస్తే విషయం తేలిపోతుంది.

పెల్లెట్లు అడ్డంగా పరుచుకున్నాయి. పాదాల అమరిక కుదరలేదు. గురిపెట్టి, కళ్లు మూసుకుని, చేతిని ఒకసారి దించి మళ్లీ ఎత్తి కళ్లు తెరవండి. పిస్టల్ పక్కకు చూస్తుంటే మణికట్టుతో సర్దుకోవద్దు. వెనక పాదాన్ని కొద్దిగా జరపండి. నిలువుగా పరుచుకుంటే మణికట్టు వదులైందనో, షాట్ షాట్‌కూ పట్టు ఎత్తు మారుతోందనో అనుకోవచ్చు.

తొమ్మిది పాయింట్ల షాట్ల మధ్య, ఏ దిక్కూ లేకుండా, హఠాత్తుగా ఒక ఆరు. నన్ను బాగా ఏడిపించింది ఇదే. నా రెండో పోటీకి ముందు మూడు వారాలపాటు గ్రిప్‌ను ఆకురాయితో అరగదీశాను, పెల్లెట్లు మార్చాను, సైట్‌ను అటూ ఇటూ తిప్పాను. ఆ ఆరు మాత్రం నన్ను వదల్లేదు. చివరికి మా కోచ్ ఏమీ మాట్లాడకుండా కార్డును వెనక్కి తిప్పి పెట్టి, ఆ ఖాళీ తెల్లకాగితం మీద పది కాల్చమన్నారు. గురిచూడడానికి చుక్కయినా లేని ఆ కాగితం మీద నా పది పెల్లెట్లూ అంతకు ముందెన్నడూ లేనంత దగ్గరగా పడ్డాయి. అంటే పిస్టల్‌లోనూ, చేతిలోనూ లోపం లేదు. టార్గెట్ నడుమనుండే నల్లబొట్టు కనబడితే చాలు, నా కన్ను దాని మీదికి పోతోంది.

ట్రిగ్గర్ విడిపోబోయే చివరి అరక్షణంలో ఫలితం చూడాలన్న ఆత్రంతో చూపు ముందు సైట్‌ను వదిలి టార్గెట్ మీదికి దూకుతుంది. టార్గెట్ స్పష్టంగా కనబడింది కాబట్టి గురి సరిగానే ఉందని మీరు ప్రమాణం చేసి మరీ చెబుతారు, కానీ మసకబారిన ముందు సైట్ వెనక సైట్ గాడిలో ఎటు ఒరిగిందో మీకు తెలియదు. రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లనుకుంటే, ముందు సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పది మీటర్ల దూరంలో పెల్లెట్ దాదాపు 30 మిల్లీమీటర్లు తప్పుతుంది. వలయానికీ వలయానికీ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లే కాబట్టి దాదాపు నాలుగు వలయాలు పోయినట్టే. సైట్లు ఒకదానితో ఒకటి సరిగా ఉండి, చేయి మొత్తంగా 8 మిల్లీమీటర్లు ఊగితే పోయేది ఒక్క వలయమే. చేతి వణుకు గురించి బెంగపడేవారందరూ ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

ప్రతి షాట్ తర్వాత చేతిని వెంటనే దించకుండా, ముందు సైట్ పై అంచు చివరిసారిగా ఎక్కడ కనబడిందో మీకు మీరే చెప్పుకోండి. చెప్పలేకపోతే చూపు అక్కడ లేదని అర్థం. నల్లబొట్టు అంచును సైట్‌తో తాకించి గురిపెట్టే అలవాటుంటే, తాకిందా లేదా అని చూడడానికే కన్ను ముందుకు పోతుంది; అందుకని గురిని ఇంకా కిందికి, తెల్లభాగం నడుమకు దించి, ఆ మేరకు వెనక సైట్‌ను పైకి సర్దుకోవడం మంచిది. కొన్ని వారాలపాటు సాధనలో సగం షాట్లు తిప్పిన కార్డు మీదే కాల్చండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్నచోట తెల్లగోడకు ఎదురుగా డ్రై ఫైరింగ్ చేయండి.

కళ్లద్దాలు వాడేవారు ఇంకొకటి గమనించాలి. తల పక్కకు తిప్పి నిలబడినప్పుడు చూపు అద్దం మధ్యలోంచి కాక, అంచు వైపు నుంచి పోవచ్చు. పైగా దూరపు చూపుకు రాసిన అద్దంలో టార్గెట్ స్పష్టంగానూ, చేయి చాపు దూరంలోని సైట్ మసకగానూ కనబడితే కన్నును తప్పుపట్టి లాభం లేదు. దూరపు చూపు పవర్‌కు 0.5 లేదా 0.75 కలిపిన అద్దాన్ని షూటర్లు సాధారణంగా వాడతారు. కంటి వైద్యుడికి సైట్ దూరం కొలిచి చెప్పి రాయించుకోండి. ఎడమ కన్నును గట్టిగా మూస్తే కుడి కన్ను కూడా అలసిపోతుంది. ఎడమ కన్ను ముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని అడ్డు పెట్టుకోవడాన్ని నిబంధనలు అనుమతిస్తాయి.

మొదట కుదురుగా ఉన్న గురి క్రమంగా చెదిరిపోతోంది. ఎక్కువసేపు పట్టుకుంటున్నారు. చేయి నిలకడ పట్టిన తర్వాత ఎనిమిది, పది సెకన్లలో షాట్ పడకపోతే పిస్టల్‌ను దించేయండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే షాట్‌కు 75 సెకన్లు. రెండుమూడుసార్లు దించి ఎత్తినా గడువు సరిపోతుంది.

బ్యారెల్ వంకర, పెల్లెట్ల లాట్‌లో తేడా వంటివి మొదటి ఏడాది ఆలోచించవలసినవి కావు. గ్రిప్ స్క్రూ, సైట్ స్క్రూ వదులయ్యాయేమో ఒకసారి బిగించి చూడండి, గాలి సిలిండర్ గేజ్ ముల్లు ఎక్కడుందో చూడండి. గాలి అడుగంటితే పెల్లెట్లు వరసగా కిందికి దిగజారతాయి, మళ్లీ నింపితే సర్దుకుంటాయి.