మైళ్ల టికెట్ నిజంగా లాభమేనా? బుక్ చేసే ముందు వేయాల్సిన లెక్క

ఎయిర్‌లైన్ మైళ్లతో, అంటే విమాన ప్రయాణాలకి, కార్డు ఖర్చుకి వచ్చే రివార్డు పాయింట్లతో, టికెట్ తీసుకునేటప్పుడు చివరి పేజీలో రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి: ఇన్ని వేల మైళ్లు, ప్లస్ ఇన్ని వేల రూపాయలు. అందరి కళ్లూ మొదటి అంకె మీదే ఉంటాయి కానీ లాభనష్టాలు తేలేది రెండో అంకె దగ్గర. పన్నులు, సర్‌ఛార్జీల కింద కట్టే డబ్బుకి ఇంకాస్త కలిపితే ఆఫర్‌లో మామూలు టికెట్టే వచ్చేసే సందర్భాలు బోలెడు. అలాగని మైళ్లు వట్టి మాయ అని కొట్టిపారేయడానికీ లేదు. కొన్ని రూట్లలో, కొన్ని క్లాసుల్లో, ముందే లెక్క చూసుకున్నవాళ్లకి గట్టి లాభమే ఉంటుంది.

మైలుకి ఖరీదు కట్టడం

అదే తేదీకి, అదే విమానానికి, అంతే లగేజీతో డబ్బు పెట్టి కొంటే ఎంతో చూడండి. అందులోంచి మైళ్ల టికెట్‌కి చేతినుంచి కట్టాల్సిన డబ్బు తీసేయండి. మిగిలినదాన్ని మైళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఒక్కో మైలు విలువ.

లెక్క తెలియడం కోసం కొన్ని అంకెలు అనుకుందాం. హైదరాబాద్–లండన్ రానుపోను ఎకానమీ 62,000 రూపాయలు. మైళ్లతో అయితే 50,000 మైళ్లు, పైన 22,000 రూపాయలు. తేడా 40,000, అంటే మైలుకి 80 పైసలు. అదే బిజినెస్ క్లాస్ ధర 2,20,000. మైళ్లతో అయితే 1,20,000 మైళ్లు, పైన 46,000 రూపాయలు. మైలుకి 1 రూపాయి 45 పైసలు. బిజినెస్సే నయం అనిపిస్తుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

మైళ్లు లేకపోతే మీరు 2,20,000 పోసి ఆ సీటు కొనేవాళ్లేనా? కొనేవాళ్లైతే 1.45 సరైన లెక్కే. లేదు, 62,000 పెట్టి ఎకానమీలోనే వెళ్లేవాళ్లం అంటారా, అప్పుడు మీ జేబులో మిగిలింది 16,000 రూపాయలే. అంటే మైలుకి 13 పైసలు, దానిపైన కాళ్లు చాపుకుని పడుకున్న సుఖం. ఆ సుఖానికి మీరు మనస్ఫూర్తిగా ఎంత ఇస్తారో కలుపుకోండి. ఇంకో 60,000 ఇస్తాననుకుంటే మొత్తం 76,000, మైలుకి 63 పైసలు. ‘మైలుకి 3 రూపాయలు లాగాం’ అని చెప్పే వీడియోల్లో లెక్కంతా సాధారణంగా తామెన్నడూ పెట్టి కొనని ధర మీద వేసినదే.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. అంతర్జాతీయ రూట్లలో డబ్బుతో కొనే వన్‌వే టికెట్ చాలాసార్లు రానుపోను ధరలో సగం కంటే బాగా ఎక్కువ ఉంటుంది. మైళ్ల టికెట్ మాత్రం ఎయిర్‌లైన్ల మైళ్ల పథకాల్లో ఎక్కువ వాటిలో వన్‌వేకి సరిగ్గా సగమే. కాబట్టి ఒకవైపు మాత్రమే కావాల్సినవాళ్లకి, అంటే చదువుకి వెళ్లే పిల్లలకి, తిరుగు తేదీ తెలియని అమ్మానాన్నలకి, మైళ్లు నిజంగా పనికొస్తాయి. రానుపోను ప్రయాణాన్ని రెండు వన్‌వేలుగా విడగొట్టి, ఆ వన్‌వే ధరలతో పోల్చి లాభం చూపించుకోవడం మాత్రం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కార్డు పాయింటు అసలు ధర

మన దగ్గర మైళ్లు ఎక్కువగా వచ్చేది విమానం ఎక్కి కాదు, క్రెడిట్ కార్డు గీకి. కార్డు పాయింట్లని ఎయిర్‌లైన్‌కి బదిలీ చేసే నిష్పత్తి కార్డుకో రకంగా ఉంటుంది. రెండు పాయింట్లకి ఒక మైలు ఇచ్చే కార్డైతే 80 పైసల మైలు మీ పాయింటు పరంగా 40 పైసలే. అదే పాయింటు బ్యాంకు ట్రావెల్ పోర్టల్లో 50 పైసలకి చెల్లితే మైళ్ల జోలికి వెళ్లడం దండగ. బదిలీకి బ్యాంకు ఫీజు వసూలు చేస్తే దాని మీద 18% జీఎస్టీ కూడా కలుస్తుంది.

ఖర్చు వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. నూరు రూపాయలకి 2 మైళ్లు ఇచ్చే కార్డు మీద 1,20,000 మైళ్లు పోగవ్వాలంటే 60 లక్షల రూపాయల ఖర్చు జరగాలి. ఇంటి అద్దె, వాలెట్‌లో వేసే డబ్బు, పెట్రోలు, ప్రభుత్వ చెల్లింపులు వంటివాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు, ఇచ్చినా కోత పెడతాయి. విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్ 3.5% ఉంటే జీఎస్టీతో కలిపి 4.13% పోతుంది. నెల బిల్లు పూర్తిగా కట్టకుండా ఒక్కసారి వాయిదా వేశారా, నెలకి 3.5% దగ్గర పడే వడ్డీ ఏడాది మైళ్లన్నిటినీ ఊడ్చేస్తుంది. ఎలాగూ పెట్టే ఖర్చుకి వచ్చిన మైళ్లే మైళ్లు. మైళ్ల కోసం పెట్టిన ఖర్చు వట్టి ఖర్చే.

సర్‌ఛార్జీ ఎవరు వేస్తారు, ఎవరు వేయరు

టికెట్ ధర వివరాల్లో వైక్యూ, వైఆర్ అనే కోడ్‌లతో కనిపించేది ప్రభుత్వ పన్ను కాదు, ఎయిర్‌లైన్ తనంతట తాను వేసుకునే సర్‌ఛార్జీ. ఒకే విమానంలో ఒకే సీటుకి, ఏ పథకం ద్వారా బుక్ చేశారన్నదాన్ని బట్టి ఇది మారిపోతుంది. ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ 2020 నవంబరు నుంచి మైళ్ల టికెట్ల మీద ఈ సర్‌ఛార్జీ తీసుకోవడం లేదు. భాగస్వామి విమానానికి, అంటే దాంతో ఒప్పందం ఉన్న వేరే ఎయిర్‌లైన్ విమానానికి, 39 కెనడియన్ డాలర్ల బుకింగ్ ఫీజు మాత్రం ఉంటుంది. యునైటెడ్ మైలేజ్‌ప్లస్ కూడా వేయదు. కాబట్టి శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే లుఫ్తాన్సా సీటుని లుఫ్తాన్సా సొంత పథకంలో కంటే వీటిలో చూడటం మేలు. ఈ ఎయిర్‌లైన్లతో పాటు ఎయిర్ ఇండియా కూడా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉంది కాబట్టి వీటి మైళ్లతో దాన్నీ వెతకొచ్చు.

లండన్ సంగతి వేరు. బ్రిటన్ నుంచి బయల్దేరే ప్రతి ప్రయాణికుడి మీదా ప్రభుత్వం ప్యాసింజర్ డ్యూటీ వేస్తుంది. మైళ్ల టికెట్ అయినా మినహాయింపు లేదు. భారతదేశానికి 2025 ఏప్రిల్ నుంచి ఎకానమీకి 90 పౌండ్లు, ప్రీమియం ఎకానమీ, బిజినెస్‌లకి 216 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి ఇవి 102, 244 పౌండ్లు. ఎకానమీలో 16 ఏళ్ల లోపు పిల్లలకి ఈ డ్యూటీ లేదు. అందుకే వెళ్లేటప్పుడు లండన్‌కి మైళ్లు వాడి, వచ్చేటప్పుడు యూరప్‌లో ఇంకో ఊరి నుంచి బయల్దేరితే చాలా మిగులుతుంది.

అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకి ఇదే లెక్క అనుకూలంగా తిరుగుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ భాగస్వామి చార్టులో, అంటే భాగస్వామి విమానాలకి ఎన్ని మైళ్లో చెప్పే పట్టికలో, అమెరికా నుంచి భారతదేశానికి వన్‌వే ఎకానమీ 40,000, బిజినెస్ 70,000 మైళ్లుగా చాలాకాలం నడిచింది. దోహా మీదుగా హైదరాబాద్ వచ్చే ఖతార్ విమానాలకీ ఇదే చార్టు. డబ్బుతో అయితే ఎకానమీకి, బిజినెస్‌కి మధ్య మూడు నాలుగు రెట్ల తేడా ఉండే చోట మైళ్లలో రెండింతలు కూడా లేదు. మైళ్లు బంగారమయ్యేది ఇలాంటి చోటే. చిక్కల్లా సీటు దొరకడమే.

సీటు ఎప్పుడు తెరుచుకుంటుంది

విమానంలో ఖాళీ సీటు ఉన్నంత మాత్రాన అది మైళ్లకి ఇస్తారని కాదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రయాణానికి 355 రోజుల ముందు సీట్లు తెరుస్తుంది. సుదూర విమానానికి కనీసం 14 మైళ్ల సీట్లు ఇస్తామని హామీ ఇచ్చింది: ఎకానమీలో 8, ప్రీమియం ఎకానమీలో 2, బిజినెస్‌లో 4. హైదరాబాద్–లండన్ నేరు విమానానికీ ఇది వర్తిస్తుంది. వచ్చే ఏడాది డిసెంబరు 20న ప్రయాణమైతే ఈ డిసెంబరు 30న చూడాలి. లండన్‌లో అర్ధరాత్రి వేళ తెరుచుకుంటాయి కాబట్టి డిసెంబరులో మనకి తెల్లవారుజామున 5:30. నలుగురున్న కుటుంబానికి సెలవుల్లో బిజినెస్ నాలుగు సీట్లూ కావాలంటే ఆ అలారం పెట్టుకోవాల్సిందే. తిరుగు ప్రయాణం తేదీ అప్పటికి తెరుచుకోదు, అందుకే వెళ్లే టికెట్ ముందు వన్‌వేగా తీసుకుని, వచ్చేది దాని రోజున తీసుకుంటారు. యునైటెడ్ 337 రోజుల ముందు, అమెరికన్ 331 రోజుల ముందు తెరుస్తాయి.

ఏడాది ముందు ప్లాన్ కుదరనివాళ్లు రెండో చివర చూడాలి. ప్రయాణం రెండు వారాల్లోకి వచ్చాక అమ్ముడుపోని సీట్లు కొన్ని మైళ్లకి వదులుతారు. అప్పటికి డబ్బు టికెట్ ధర చుక్కల్లో ఉంటుంది కాబట్టి మైలు విలువ కూడా బాగా వస్తుంది. ఒకరిద్దరికైతే సరే కానీ, పిల్లాపాపలతో సంసారమంతా బయల్దేరేవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ పథకం క్రిస్‌ఫ్లయర్‌లో వెయిట్‌లిస్ట్ పెట్టుకోనిస్తారు, కానీ అది టికెట్ కాదు. హోటల్ బుక్ చేసి కూర్చోకండి.

బుక్ చేసే వరుస

ముందు సీటు, తర్వాతే బదిలీ. బ్యాంకు నుంచి వెళ్లిన పాయింట్లు మళ్లీ వెనక్కి రావు. ఎయిర్‌లైన్ సైటులో లాగిన్ అయి, అందరి సంఖ్యా పెట్టి వెతికి, చెల్లింపు పేజీ దాకా వెళ్లి మైళ్లు, పన్నులు ఎంతో చూడండి. భాగస్వామి విమానమైతే ఇంకో పథకం సైటులో కూడా అదే సీటు కనిపిస్తోందా చూడండి. ఒక్కచోటే కనిపిస్తే అది ఉత్తుత్తి సీటు కావచ్చు, చివర్లో ఎర్రర్ వస్తుంది. బదిలీ కొన్ని పథకాలకి నిమిషాల్లో, కొన్నింటికి రోజుల్లో అవుతుంది. ఆలోపు సీటు పోవచ్చు కాబట్టి రెండో తేదీ ఒకటి చూసి పెట్టుకోండి.

బదిలీ ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గర. తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా, అదీ చివర. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఎయిర్‌లైన్ ఖాతా పాస్‌పోర్టులో ఉన్నట్టే తెరవండి. కార్డు మీద పేరు దానికి సరిపోకపోతే మైళ్లు అవసరమయ్యే రోజుకి నెలల ముందే బ్యాంకులో కేవైసీ సరిచేయించుకోండి. మొదటిసారి చిన్న మొత్తం పంపి చూడటం మంచిది. బ్రిటిష్, ఖతార్ రెండింటిలోనూ ఉండే ఏవియోస్ అనే మైళ్లని ఖాతాలు జత చేసి ఒకదాన్నుంచి ఇంకోదానికి సమానంగా మార్చుకోవచ్చు, అక్కడ కూడా వివరాలు కలవకపోతే జత కుదరదు.

మీ మైళ్లతో అమ్మానాన్నలకి టికెట్ తీయాలంటే కొన్ని పథకాల్లో వాళ్లని ముందే నామినీలుగా చేర్చాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురికే చోటు. ఒళ్లో కూర్చునే పసిపిల్లల ఛార్జీ ముందే అడగండి. బ్రిటిష్‌లో పెద్దల మైళ్లలో 10%, ఏరోప్లాన్‌లో 25 కెనడియన్ డాలర్లు లేదా 2,500 పాయింట్లు. కొన్ని పథకాల్లో మాత్రం డబ్బు టికెట్ ధరలో 10% తీసుకుంటారు. బిజినెస్ క్లాస్‌లో అది బాగా ఎక్కువ అవ్వొచ్చు.

బుకింగ్ అయ్యాక ఆరక్షరాల పీఎన్ఆర్ వచ్చిందని వదిలేయకండి. 13 అంకెల ఈ-టికెట్ నంబరు రావాలి. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: బ్రిటిష్ 125, ఖతార్ 157, సింగపూర్ 618, ఎయిర్ ఇండియా 098. భాగస్వామి మైళ్లతో తీసుకుంటే మైళ్లు ఎవరివో వాళ్ల నంబరే ఉంటుంది. ఒక రోజు దాటినా ఆ నంబరు రాకపోతే కాల్ సెంటర్‌కి ఫోన్ చేయండి. పీఎన్ఆర్ ఉండి టికెట్ లేకపోతే కౌంటర్లో వెనక్కి పంపేస్తారు. అమ్మానాన్నలకి వీల్‌చైర్ కూడా ఆ ఫోన్‌లోనే పెట్టించండి, మైళ్ల టికెట్ అని దానికేమీ తేడా ఉండదు. గన్నవరం నుంచో విశాఖ నుంచో శంషాబాద్‌కి వేరే టికెట్ తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమైనా రెండోవాళ్లకి బాధ్యత ఉండదు. లగేజీ కూడా దింపుకుని మళ్లీ వేయాలి. ముందురోజే చేరడం మేలు.

దేశంలో తిరిగేవాళ్లకి

చెప్పుకోదగ్గ లాభం లేదు. ఇండిగో వారి బ్లూచిప్ పథకంలో పాయింట్ల ధర టికెట్ ధరని బట్టే మారుతుంది. సంక్రాంతికి హైదరాబాద్–విశాఖ ఛార్జీ పెరిగితే పాయింట్లూ పెరుగుతాయి. దాన్ని డిస్కౌంట్ కూపన్‌లా చూడండి, వచ్చినప్పుడు వాడేయండి. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిశాక క్లబ్ విస్తారా పాయింట్లు అటు మారాయి, ఆ పథకమే ఇప్పుడు మహారాజా క్లబ్. పాత ఖాతాలో ఏమైనా మిగిలాయేమో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.

మైళ్లు దాచుకోవడం ఏ పథకంలోనూ తెలివైన పని కాదు. బ్యాంకులో డబ్బుకి వడ్డీ వస్తుంది, మైళ్లకి చార్టు మారిన ప్రతిసారీ విలువ తగ్గుతుంది. కాబట్టి పాయింట్లని బ్యాంకులోనే ఉంచి, సీటు కనబడ్డాకే కదపండి. గడువులు కూడా ఒక్కో రకం. క్రిస్‌ఫ్లయర్ మైళ్లు వచ్చిన మూడేళ్లకి పోతాయి, వాడుతున్నా సరే. ఏవియోస్ 36 నెలలు ఏ కదలికా లేకపోతేనే పోతాయి, యునైటెడ్ మైళ్లకి గడువే లేదు. టికెట్ రద్దు చేస్తే అమెరికన్, యునైటెడ్ మైళ్లు ఫీజు లేకుండా తిరిగి వేస్తాయి, బ్రిటిష్ ప్రయాణానికి 24 గంటల ముందు వరకు మనిషికి 35 పౌండ్లు తీసుకుంటుంది. ఎక్కడ రద్దు చేసినా మైళ్లు ఎయిర్‌లైన్ ఖాతాకే చేరతాయి తప్ప బ్యాంకుకి కాదు. చివర్లో రెండు మూడు వేల ఏవియోస్ మిగిలితే వాటిని కేటలాగ్‌లో సూట్‌కేసుకో మిక్సీకో తగలేయకండి. కార్డు నుంచి కొద్ది పాయింట్లు పంపితే చాలు, 36 నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.