ఇటుక బట్టీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి: దరఖాస్తు విధానం, అది ఎక్కడ ఆగిపోతుంది

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇటుక బట్టీ పెట్టాలనుకునేవాళ్లు ముందు స్థలం కౌలుకు తీసుకుంటారు. తర్వాత మట్టి తోలించి చిమ్నీ లేపుతారు. పచ్చి ఇటుక ఆరిపోయి బొగ్గు లారీ దిగాక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి సంగతి గుర్తొస్తుంది. చట్టం చెప్పిన వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. అప్పటికే లక్షలు పోసినవాళ్లకు వెనక్కి పోయే దారి ఉండదు, అందుకే మధ్యవర్తి అడిగినంత ఇచ్చేస్తారు. ఇచ్చినా పని జరగదు, ఎందుకంటే ఆ దరఖాస్తులో ఉన్న లోపం డబ్బుతో పోయేది కాదు.

అనుమతులు రెండు. పునాది తీయకముందు తీసుకోవాల్సింది స్థాపన అనుమతి, దాన్నే సీఎఫ్‌ఈ అంటారు. కట్టడం పూర్తయ్యాక, మంట పెట్టే ముందు తీసుకోవాల్సింది నిర్వహణ అనుమతి, అంటే సీఎఫ్‌ఓ. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం మండలి ముందస్తు సమ్మతి లేకుండా ఇలాంటి యూనిట్ పెట్టకూడదు, నడపకూడదు. పంచాయతీ తీర్మానం, సర్పంచ్ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, మీసేవ రసీదు, ఇవేవీ ఆ సమ్మతికి బదులు కావు. దరఖాస్తు అందినట్టు పోర్టల్ ఇచ్చే రసీదు కూడా అనుమతి కాదు. ఆ రసీదునే లామినేషన్ చేయించి ‘వచ్చేసింది’ అని చేతిలో పెట్టేవాళ్లున్నారు, జాగ్రత్త. అసలు ఉత్తర్వులో ఆర్డర్ నంబరు, తేదీ, చెల్లుబాటు గడువు, వెనక షరతుల జాబితా ఉంటాయి. అదే కాగితం మీ లాగిన్‌లోనూ కనిపించాలి.

దరఖాస్తుకు ముందు ఏ రకం బట్టీ అన్నది తేల్చుకోవాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కొత్త బట్టీ జిగ్‌జాగ్ పద్ధతిలోనో (ఇటుక అడ్డదిడ్డంగా పేర్చి గాలిని మలుపులు తిప్పేది), వర్టికల్ షాఫ్ట్ పద్ధతిలోనో (నిలువు గొట్టంలాంటి బట్టీలో ఇటుక పైనుంచి కిందికి దిగుతూ కాలేది) ఉండాలి, లేదా పైపుల్లో వచ్చే సహజవాయువుతో కాల్చాలి. నేల మీద ఇటుక గుట్టగా పేర్చి, మట్టి మెత్తి, చిమ్నీ లేకుండా కాల్చే పాత పద్ధతికి కొత్తగా అనుమతి రాదు. ‘చిన్న బట్టీయే కదా, అక్కర్లేదు’ అని ఎవరైనా అంటే ఆ మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, పెట్టరు. ఇంధనంగా బొగ్గు, కట్టెలు, పంట వ్యర్థాలు వాడొచ్చు. పెట్‌కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి ఇంధనం), పాత టైర్లు, ప్లాస్టిక్, ప్రమాదకర వ్యర్థాలు నిషిద్ధం. తనిఖీకి వచ్చిన ఇంజనీరు బొగ్గు కుప్ప పక్కన టైరు ముక్కలు చూస్తే మిగతా ఫైలు ఎంత బాగున్నా లాభం లేదు.

ఇక ఆన్‌లైన్ పని. మండలి వెబ్‌సైట్‌లో అనుమతుల దరఖాస్తులు తీసుకునే ఓసీఎంఎంఎస్ పోర్టల్‌లో యూనిట్ పేరు నమోదు చేసుకుని, సీఎఫ్‌ఈ ఫారం నింపి, పత్రాలు ఎక్కించి, ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలి. పెట్టుబడిని బట్టి ఫీజు మారుతుంది కాబట్టి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ అడుగుతారు. భూమి పత్రాలు లేదా రిజిస్టర్ అయిన కౌలు ఒప్పందం, ప్రాజెక్టు రిపోర్టు, లేఅవుట్ ప్లాను, చిమ్నీ డ్రాయింగు, రోజుకు ఎన్ని ఇటుకలు, ఎంత బొగ్గు అన్న లెక్క కావాలి. మట్టి తవ్వడానికి గనుల శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి, అది తవ్వకానికి ముందే చేతిలో ఉండాలని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. ఇందులో ఏదీ ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించుకోలేనంత కష్టమైన పని కాదు.

కానీ నమోదు చేసేటప్పుడు మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. చేసిపెట్టేవాళ్లు తమ నంబరు పెట్టుకుంటారు. మండలి నుంచి ‘ఈ పత్రం స్పష్టంగా లేదు, మళ్లీ పంపండి’ అని సందేశం వస్తే అది వాళ్ల ఫోన్‌కే పోతుంది. వాళ్లు చూడకపోయినా, చూసి ఊరుకున్నా జవాబు అందలేదని దరఖాస్తు వెనక్కి వస్తుంది. యజమానికి మాత్రం ‘ఆఫీసులో పెండింగ్’ అనే చెబుతారు. పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి, వారానికోసారి లాగిన్ అయి మీరే చూసుకోవాలి.

దరఖాస్తులు ఎక్కువగా బోల్తాపడేది దూరాల స్కెచ్ దగ్గర. నోటిఫికేషన్ ప్రకారం జనావాసాలకు, పండ్ల తోటలకు బట్టీ కనీసం 800 మీటర్ల దూరంలో ఉండాలి. ఇప్పటికే ఉన్న మరో బట్టీకి కిలోమీటరు ఎడం ఉండాలి. ఊరి జనాభా, చెరువులు, ఇతర సున్నిత ప్రదేశాలను చూసి రాష్ట్ర మండలి దీన్ని ఇంకా కఠినం చేయొచ్చు, తగ్గించడానికి మాత్రం వీల్లేదు. 800 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీస్తే లోపల పడే నేల సుమారు 500 ఎకరాలు. మామిడికి పేరుపడ్డ చిత్తూరు ప్రాంతంలో తోపు లేని 500 ఎకరాలు ఒకేచోట దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. చాలా స్థలాలు ఈ ఒక్క కారణంగానే పనికిరావు. కౌలు బయానా ఇవ్వకముందే ఈ కొలత చూసుకుంటే పోయేది ఒక పూట మాత్రమే.

కొలిచేది రోడ్డు దూరం కాదు, గాల్లో నేరుగా ఉండే దూరం. చిమ్నీ నుంచి కొలవాలా, స్థలం గట్టు నుంచి కొలవాలా అని వాదన పెట్టుకోవద్దు. మీ గట్టు చివర నుంచి కొలిచినా 800 దాటితే ఎవరూ వేలు పెట్టలేరు. ఫోన్‌లోని ఉపగ్రహ మ్యాపులో దూరం కొలిచే సదుపాయం ఉంది, మొదటి పరీక్షకు అది చాలు. ఐతే ఆ చిత్రం పాతదై ఉండొచ్చు, నిరుడు నాటిన మామిడి మొక్కలు అందులో కనపడవు. అందుకే గుండ్రంలో పడే సర్వే నంబర్లన్నీ రాసుకుని, ఒక్కో నంబరుకు అడంగల్‌లో పంట గడి చూడండి. మామిడి అని ఉంటే అది తోటే. జామ, సపోటా కూడా పండ్ల తోటలే. ఆ తర్వాత కాలినడకన ఒకసారి చుట్టి రావాలి.

జనావాసం అంటే రెవెన్యూ గ్రామం బోర్డు ఉన్నచోటు ఒక్కటే కాదు. మధ్యవర్తులు గీయించే స్కెచ్‌లలో ఊరు ఉంటుంది, ఊరి చివర ఎస్సీ కాలనీ ఉండదు, వంక అవతల ఎస్టీ కాలనీ ఉండదు, కొత్తగా ఇళ్ల స్థలాలు ఇచ్చిన లేఅవుటూ ఉండదు. పొగ ముందు పట్టేది ఆ ఇళ్లనే. వాళ్లు ఒక అర్జీ పెట్టినా, తనిఖీకి వచ్చిన ఇంజనీరు కంట పడినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. తప్పుడు స్కెచ్ మీద వచ్చిన అనుమతి తర్వాత రద్దయితే పోయేది స్కెచ్ గీసినవాడి డబ్బు కాదు, మీది. కాబట్టి మండల సర్వేయర్ చేత సర్వే నంబర్లతో గీయించి, నాలుగు దిక్కులా దగ్గరున్న ఇల్లు, తోపు, బడి, చెరువు, బట్టీ ఎన్ని మీటర్లో ఒక్కొక్కటిగా రాయించండి. ‘సమీపంలో ఏమీ లేవు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే అనుమానమే పెరుగుతుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యానికి దగ్గర స్థలమైతే, సర్వే నంబరు పర్యావరణ సున్నిత మండలంలో (అభయారణ్యం చుట్టూ ఆంక్షలుండే ప్రాంతం) పడుతుందేమో అటవీ శాఖను ముందే రాతపూర్వకంగా అడగాలి.

తోటల నిబంధన ఉత్త కాగితం మాట కాదు. బట్టీ పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ లేత మామిడి కాయకు తగిలితే కాయ కొన నల్లబడి గట్టిపడుతుంది. దీన్ని బ్లాక్ టిప్ అంటారు. ఆ కాయకు మార్కెట్లో ధర పలకదు. బట్టీలు జోరుగా నడిచే ఎండాకాలమే కాయ ఎదిగే కాలం కూడా. పక్క తోపు రైతు అభ్యంతరం చెబితే కక్షగట్టాడని అనుకోవద్దు, నష్టం నిజంగానే జరుగుతుంది.

స్థలం గట్టెక్కితే చిమ్నీ లెక్క. జిగ్‌జాగ్ బట్టీకి రోజుకు 30,000 ఇటుకల లోపైతే కనీసం 24 మీటర్లు, 30,000, ఆపైనైతే 27 మీటర్లు. వర్టికల్ షాఫ్ట్‌కు అదే వరసలో 14, 16 మీటర్లు. ఇంతటితో అయిపోలేదు. గంటకు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్‌ను కిలోల్లో తీసుకుని, దాన్ని 0.3 ఘాతానికి హెచ్చించి 14తో గుణిస్తే వచ్చే ఎత్తునూ చూడాలి. రెండింట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఉదాహరణకు రోజుకు 30,000 ఇటుకలు దాటిన జిగ్‌జాగ్ బట్టీలో గంటకు 180 కిలోల బొగ్గు కాలుస్తున్నారనుకుందాం. గంధకం 0.5 శాతం ఉన్న బొగ్గైతే సల్ఫర్ డయాక్సైడ్ 1.8 కిలోలు, ఎత్తు 17 మీటర్లకు లోపే వస్తుంది. కాబట్టి 27 మీటర్లు కడితే సరిపోతుంది. అదే 3 శాతం గంధకం ఉన్న బొగ్గైతే 10.8 కిలోలు, ఎత్తు 28 మీటర్లు దాటిపోతుంది. 27 కట్టేసినవాళ్లు అక్కడ దొరికిపోతారు. చౌకగా వస్తోందని బొగ్గు మార్చేముందు సరఫరాదారు నుంచి గంధకం శాతం రాసిన పరీక్ష పత్రం తీసుకోండి, ఆ పత్రమే దరఖాస్తుకూ పెట్టండి.

చిమ్నీ కట్టేటప్పుడే పొగ నమూనా తీసే రంధ్రం, దాని దగ్గర మనిషి నిలబడే ప్లాట్‌ఫారం, ఎక్కే నిచ్చెన శాశ్వతంగా కట్టాలి. వీటి డిజైన్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చింది. మేస్త్రీకి ఆ డ్రాయింగు ముందే ఇవ్వకపోతే, కట్టడం అయ్యాక ఇటుక చిమ్నీకి రంధ్రం తొలవాల్సి వస్తుంది. గోడ బీటలిస్తుంది, తప్పుడు ఎత్తులో తొలిస్తే ల్యాబ్ ఆ నమూనాను లెక్కలోకి తీసుకోదు. సీఎఫ్‌ఓ ఫైళ్లు ఎక్కువగా ఇక్కడే నిలిచిపోతాయి.

పొగలో ధూళి పరిమితి ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు. ల్యాబ్ రిపోర్టులో 150 కనపడగానే పాసయ్యామనుకోవద్దు. పక్కనే కార్బన్ డయాక్సైడ్ శాతం ఉంటుంది, అది 4 కంటే తక్కువైతే ధూళి అంకెను 4తో హెచ్చించి ఆ శాతంతో భాగించాలి. 150 ఉండి, కార్బన్ డయాక్సైడ్ 2 శాతమైతే లెక్కకొచ్చేది 300, అంటే ఫెయిల్. బయటిగాలి చొరబడి పొగను పలచన చేస్తే అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, ఈ సూత్రం దాన్ని పట్టేస్తుంది.

కాబట్టి పరీక్షకు ముందు చూసుకోవాల్సింది గాలి ఎక్కడ చొరబడుతోందన్నదే. ద్వారాలకు అడ్డంగా కట్టే తాత్కాలిక గోడ ఒంటి వరసగా కాకుండా రెండు వరసలుగా కట్టి బయట మట్టి మెత్తాలి. ఇటుక పైన పరిచే బూడిద పొర ఎక్కడా పలచబడకూడదు, కాలు పెట్టిన చోటల్లా సర్దాలి. బొగ్గు మెత్తగా నలగ్గొట్టాలి. ఒకేసారి పెద్ద గరిటెలతో కుమ్మరించి అరగంట ఊరుకుంటే వేసిన వెంటనే నల్లపొగ లేస్తుంది. చిన్న గరిటెతో, కిలోకు మించకుండా, ఒక మనిషి ఆపకుండా వరసలన్నింటికీ వేస్తూ పోవాలి. జిగ్‌జాగ్‌లో ఇటుకను అడ్డదిడ్డంగా పేర్చడమే గాలి మలుపులు తిరుగుతూ పోయి బొగ్గుతో బాగా కలవడానికి. పేర్పు సరిగ్గా లేకపోతే పేరుకే జిగ్‌జాగ్. సరిగ్గా నడిపితే బొగ్గులో సుమారు ఐదో వంతు మిగులుతుంది, పొగ కట్టడి ఖర్చు అలా తిరిగి వస్తుంది. మంట స్థిరపడిన తర్వాతే నమూనాకు పిలవండి. మిగిలిన బూడిదంతా అక్కడే ఇటుక మట్టిలో కలిపేయాలి. మట్టి, ఇటుక తోలే దారి గట్టి రోడ్డుగా ఉండాలి, లారీల మీద పట్టా కప్పాలి.

ఇప్పటికే నడుస్తున్న పాత బట్టీలవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. జాతీయ వాయు ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. అలాంటి నగరానికి 10 కిలోమీటర్ల లోపు బట్టీలు పద్ధతి మార్చుకోవడానికి నోటిఫికేషన్ ఏడాది గడువు ఇచ్చింది, మిగతాచోట్ల రెండేళ్లు. నోటిఫికేషన్ వచ్చిన 2022 ఫిబ్రవరి నుంచి లెక్కేస్తే రెండు గడువులూ దాటాయి. మండలి వేరే గడువు పెడితే దానిదే పైచేయి, కాబట్టి తిరుపతి ప్రాంతీయ కార్యాలయంలో ప్రస్తుత ఉత్తర్వు అడిగి చదవండి. మార్చుకోలేనివాళ్లకు ఫ్లైయాష్ ఇటుక (బొగ్గు బూడిదతో చేసేది) ఒక దారి. కాల్చే పని లేదు, పొగ లేదు, పరిశ్రమలను కాలుష్యాన్ని బట్టి విడదీసిన 2016 వర్గీకరణలో అది తక్కువ కాలుష్యపు గ్రీన్ కేటగిరీలో ఉండేది. కాల్చే ఇటుక అంతకంటే ఎక్కువ కాలుష్యపు ఆరెంజ్‌లో ఉండేది.

తనిఖీ రోజు యజమాని స్థలంలో ఉండాలి. దూరాలు మీ ముందే కొలవమని మర్యాదగా అడగండి, తేడా వస్తే అప్పుడే చెప్పండి. దరఖాస్తు అందిన నాలుగు నెలల్లో మండలి నిర్ణయం చెప్పాలని వాయు చట్టం అంటోంది. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి. దాని మీద ఉత్తర్వు అందిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు, అది 31వ సెక్షన్. ఉత్తర్వు వచ్చిన కవరు, దాని మీది తపాలా ముద్ర పారేయకండి. 30 రోజుల లెక్కకు అదే ఆధారం. దూరం చాలక తిరస్కరించి ఉంటే మాత్రం అప్పీలు ఫీజు, వకీలు ఖర్చు పెట్టుకోకుండా వేరే సర్వే నంబరు వెతుక్కోండి.