590 రూపాయల బాకీకి 91 పాయింట్లు పోయాయి: నా అనుభవం

హోమ్ లోన్‌కి వెళ్తే సిబిల్ స్కోరు (అప్పులు సమయానికి కడుతున్నామో లేదో చూపే మార్కు) 691 అన్నారు. అంతకుముందు 782. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పలేదు మరి! డబ్బు కట్టి స్కోరు పెంచుతామనే యాప్ వాడా, కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేశా, ఇంకో బ్యాంకులో అప్లై చేశా (లోన్ కోసం బ్యాంకు నా రిపోర్టు చూసినట్టు ఎంక్వైరీ పడి ఇంకాస్త తగ్గింది). లాభం లేదు.

చివరికి సిబిల్ సైట్‌లో ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే పూర్తి రిపోర్టు తీశా. ఒక్కో ఖాతా కింద నెలకో గడి ఉంటుంది, ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో వేస్తారు. అన్నిట్లో 000. వాడటం మానేసిన పాత క్రెడిట్ కార్డు దగ్గర మాత్రం 030, 060, 090. వార్షిక ఫీజు 500, జీఎస్టీతో 590. ఫోన్ నంబరు మార్చాక ఆ మెసేజ్‌లు నాకు రానేలేదు. లేట్ ఫీజులతో కలిపి 2,300 దాటింది.

సగం కడితే మిగతాది వదిలేసి సెటిల్‌మెంట్ చేస్తామని బ్యాంకువాళ్లు అన్నారు. ఒప్పుకోలేదు, రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే అదో మచ్చ. మొత్తం కట్టి, కార్డు క్లోజ్ చేయించి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకున్నా. నెల దాటినా బాకీ అలాగే కనిపిస్తుంటే సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ (తప్పు సరిచేయమని ఫిర్యాదు) పెట్టా. 30 రోజుల్లోపే సరిచేశారు.

నాలుగు నెలలకు 744. ఆ 090 గడి మాత్రం చెరగలేదు, రిపోర్టులో 36 నెలల చరిత్ర కనిపిస్తుంది కదా. నాది ఒక్క కార్డు గొడవే. రెండు మూడు బాకీలున్నవాళ్లకు ఇంత త్వరగా కదులుతుందని చెప్పలేను.