ఓఓటీపీలో మైనర్ లీగ్ కుర్రాళ్ళని ఏఐ సరైన చోట పెట్టేలా చేయడం ఎలా

ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్, అదే ఓఓటీపీ అనే బేస్‌బాల్ టీమ్ నడిపే కంప్యూటర్ గేమ్, ఆడటం మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ రెండో సీజన్‌కల్లా ఒకటే తలనొప్పి వస్తుంది. మైనర్ లీగ్స్ (మేజర్ లీగ్‌కి కుర్రాళ్ళని తయారుచేసే కింది టీమ్‌లు) మొత్తం కంప్యూటర్‌కి, అంటే గేమ్‌లోని ఏఐకి, వదిలేస్తే మంచి కుర్రాళ్ళు బెంచ్ మీద కూర్చుని పాడైపోతుంటారు, పోనీ అన్నీ మనమే చూసుకుందాం అంటే నూట అరవై మందిని రోజూ సర్దుతూ ఒక సీజన్ అయ్యేసరికి నెల పడుతుంది. నేను రెండూ చేసి చూశాను, రెండూ పనికిరావు. పని మొత్తం ఏఐతోనే చేయించాలి, కానీ అది తప్పు చేసే నాలుగైదు చోట్ల మాత్రం మనం ముందే అడ్డం వెయ్యాలి. అది ఎలాగో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నా.

కొత్తవాళ్ళ కోసం ముందు లెక్క చెప్తా. 2021లో మైనర్ లీగ్స్‌ని మార్చాక ఒక్కో మేజర్ లీగ్ టీమ్‌కి నాలుగు ఫుల్ సీజన్ టీమ్‌లు ఉంటాయి, మొత్తం 120. నేను ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, చాలామందికి ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న స్టేడియంలో ఆడే రఫ్‌రైడర్స్ టెక్సాస్ రేంజర్స్ వాళ్ళ డబుల్-ఎ టీమ్ అని తెలీదు. అందుకే నేను ఎప్పుడూ రేంజర్స్‌తోనే ఆడతా, ఉదాహరణలు కూడా అవే ఇస్తా. పైన ట్రిపుల్-ఎ రౌండ్ రాక్, తర్వాత డబుల్-ఎ ఫ్రిస్కో, ఆ కింద హై-ఎ హబ్ సిటీ, దాని కింద సింగిల్-ఎ హికరీ, అడుగున అరిజోనా కాంప్లెక్స్ లీగ్, డొమినికన్ సమ్మర్ లీగ్. మన క్రికెట్‌లో అండర్-19, రంజీ, ఇండియా-ఎ అని మెట్లు ఉన్నట్టే, తేడా ఏంటంటే ఇక్కడ మెట్లన్నిటి మీదా ఆడే కుర్రాళ్ళు ఒకే మేజర్ లీగ్ టీమ్ చేతిలో ఉంటారు, ఎవరు ఏ మెట్టు మీద ఉండాలో రోజూ మార్చుకోవచ్చు. అక్కడే కష్టం కూడా.

ఇప్పుడు ఏఐ ఏం చేస్తుందో చూడండి. దానికి ముందు కనపడేది ఖాళీ. రౌండ్ రాక్‌లో ఒకడికి దెబ్బ తగిలితే అక్కడ ఖాళీ, దాన్ని ఫ్రిస్కో వాడితో నింపుతుంది, ఫ్రిస్కోలో ఖాళీ అయ్యింది కాబట్టి కింద నుంచి ఒకడిని లాగుతుంది, అలా గొలుసు మొత్తం కదులుతుంది. ప్రతి అడుగూ విడిగా చూస్తే తప్పులా అనిపించదు. కానీ ఈ కుర్రాడు పైకెళ్ళాక రోజూ ఆడతాడా లేదా, ఆ లెవెల్ వాడికి ఎక్కువైపోతుందా, మూడేళ్ళ తర్వాత మనకి వీడు ఎంత ముఖ్యం, ఈ మూడు ప్రశ్నలు మనం వేసుకున్నట్టు అది వేసుకోదు.

నా సేవ్‌లో జరిగింది చెప్తా. రెండో సీజన్ ఏప్రిల్ చివర్లో రౌండ్ రాక్ సెకండ్ బేస్‌మన్‌కి తొడ కండరం పట్టేసి ఆరు వారాలు ఔట్. ఏఐ ఫ్రిస్కో నుంచి ఒక ఇన్‌ఫీల్డర్‌ని పైకి పంపి, ఆ ఖాళీలోకి హికరీలో ఉన్న 19 ఏళ్ళ షార్ట్‌స్టాప్‌ని (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తెచ్చింది, మధ్యలో హబ్ సిటీని దాటించేసి. కుర్రాడి పొటెన్షియల్ (ముందు ముందు చేరగల స్థాయి, 20 నుంచి 80 స్కేల్‌లో) 65, ఇప్పటి రేటింగ్ మాత్రం 35. ఫ్రిస్కోలో అప్పటికే 26 ఏళ్ళ షార్ట్‌స్టాప్ ఒకడున్నాడు, వాడి రేటింగ్ 45, ఇంకెప్పటికీ 45 దాటడు. లైనప్‌లో ఎవరిని పెడతారు మరి, 45నే పెడతారు. నేను గమనించేసరికి ఐదు వారాలు అయిపోయింది, వాడికి వచ్చింది 41 ప్లేట్ అప్పియరెన్స్‌లు (బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు), బ్యాటింగ్ యావరేజ్ .170. సీజన్ చివరికి పొటెన్షియల్ 55కి పడింది. గేమ్‌లో టాలెంట్ మార్పుకి అదృష్టం పాత్ర కూడా ఉంటుంది కాబట్టి మొత్తం తప్పు దీనిదే అని గట్టిగా అనలేను, కానీ రోజూ ఆడాల్సిన వయసులో కుర్రాడిని కూర్చోబెట్టి మంచి జరగాలని కోరుకోవడం కుదరదు కదా.

సరే, పనిలోకి వద్దాం. ముందు సేవ్ ఇంకో పేరుతో కాపీ చేసి పెట్టుకోండి, కింద చెప్పే కొన్ని సెట్టింగ్స్ లీగ్ మొత్తానికి వర్తిస్తాయి. తర్వాత మేనేజర్ ఆప్షన్స్‌లో ఏ పని ఎవరు చెయ్యాలి అని ఎంచుకునే చోటుకి వెళ్ళండి, వెర్షన్‌ని బట్టి ఆ పేజీ పేరు కొంచెం మారుతుంది గానీ ఉండటం మాత్రం ఉంటుంది. మైనర్ లీగ్ ప్రమోషన్లు, డిమోషన్లు, లైనప్‌లు, పిచింగ్ స్టాఫ్ ఇవన్నీ ఏఐకే వదిలెయ్యండి. మైనర్ లీగ్ ప్లేయర్లని రిలీజ్ చేసే పని విడిగా ఇస్తే అది మాత్రం మీ దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే ఈ మొత్తం పద్ధతి దాని మీదే నిలబడుతుంది.

ఎలాగంటే, ఏఐ తప్పుల్లో సగానికి పైగా జనం ఎక్కువైపోవడం వల్ల వచ్చేవే. నిజం లీగ్‌లోనే సీజన్‌లో ఒక సంస్థ అమెరికాలో ఉంచుకోగల మైనర్ లీగ్ ప్లేయర్లు 2024 నుంచి 165 మందే, అంతకుముందు 180. ట్రిపుల్-ఎ, డబుల్-ఎ లో యాక్టివ్ రోస్టర్ (ఆడటానికి అందుబాటులో ఉండే జట్టు) 28, కింద రెండు ఎ లెవెల్స్‌లో 30. గేమ్‌లో ఇంత టైట్‌గా పట్టించుకోకపోతే హై-ఎ లో ముగ్గురు ఫస్ట్ బేస్‌మన్‌లు, ఐదుగురు క్యాచర్లు పేరుకుపోతారు. అందుకే నెలకోసారి ప్రతి టీమ్‌కీ వెళ్ళి పొజిషన్ వారీగా సార్ట్ చేసి చూడండి. నేను చూసేది ఒకటే, ప్రతి పొజిషన్‌కీ రోజూ ఆడేవాడు ఒకడు, వాడికి బదులు ఒకడు, అంతే. క్యాచర్లు ముగ్గురు ఉండొచ్చు. 25 దాటి, పొటెన్షియల్ 35 లోపు ఉండి, హై-ఎ లోనో అంతకంటే కిందో ఉన్నవాడిని రిలీజ్ చెయ్యడానికి ఆలోచించక్కర్లేదు. ఒక్కడిని తీసేస్తే గొలుసులో కింద ఉన్నవాళ్ళకి చోటు దొరుకుతుంది. జులైలో డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకోవడం) అయ్యే రోజు కంటే ముందే ఈ పని చెయ్యాలి, 20 రౌండ్ల డ్రాఫ్ట్ నుంచి ఒకేసారి ఇరవై మంది దిగుతారు, చోటు లేకపోతే ఏఐ వాళ్ళని ఎక్కడ పడితే అక్కడ కుక్కేస్తుంది.

రెండోది, మీకు నిజంగా ముఖ్యమైన వాళ్ళని ఒక షార్ట్‌లిస్ట్‌లో పెట్టుకోండి. పదిహేను మంది, మహా అయితే ఇరవై. ముప్పై మందిని పెట్టుకుంటే మళ్ళీ అన్నీ మీరే చేస్తున్నట్టు అవుతుంది. వీళ్ళ లెవెల్ మాత్రం మీరే నిర్ణయించి, ప్లేయర్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఏఐ వాడిని కదపకుండా లాక్ పెట్టెయ్యండి. మిగతా 140 మందిని అది ఎలా తిప్పుకున్నా పర్లేదు. నా షార్ట్‌స్టాప్‌కి ఆ లాక్ ఉండి ఉంటే గొలుసు వాడిని వదిలి ఇంకెవడినో లాగేది.

లాక్ పెట్టగానే అయిపోయింది అనుకోకండి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లాక్ వల్ల వాడు ఆ టీమ్‌లో ఉంటాడు అంతే, ఆడతాడని గ్యారంటీ లేదు. దానికి విడిగా, ఆ పొజిషన్‌లో వీడినే స్టార్ట్ చెయ్యాలి అని ఫోర్స్ చేసే ఆప్షన్ వాడాలి. ఒకే టీమ్‌లో ఇద్దరు షార్ట్‌స్టాప్ ప్రాస్పెక్ట్‌లు (ఎదిగే అవకాశమున్న కుర్రాళ్ళు) ఉంటే చిన్నవాడిని షార్ట్‌లో, రెండోవాడిని సెకండ్ బేస్‌లోనో థర్డ్‌లోనో ఫోర్స్ చెయ్యండి, వాడికి ఇంకో పొజిషన్ కూడా వచ్చేస్తుంది, అది ట్రేడ్‌లో కూడా విలువే. క్యాచర్ల విషయంలో మాత్రం ఇలా సర్దకండి, ఇద్దరు మంచి క్యాచర్లు ఉంటే ఇద్దరినీ వేరే వేరే లెవెల్స్‌లో పెట్టడమే మంచిది, ఒకడు కొంచెం కింద ఉన్నా పర్లేదు.

మూడోది, మైనర్ లీగ్ మేనేజర్లు. వాళ్ళ ప్రొఫైల్‌లో కుర్రాళ్ళ వైపు మొగ్గుతారా, వెటరన్ల వైపు మొగ్గుతారా అన్నది ఉంటుంది. ట్రిపుల్-ఎ లో వెటరన్ మనిషి ఉన్నా నేను పట్టించుకోను, అక్కడ ఎలాగూ ముప్పై ఏళ్ళవాళ్ళు ఉంటారు. డబుల్-ఎ, అంతకంటే కింద అయితే కుర్రాళ్ళంటే ఇష్టపడే మేనేజర్లనే తీసుకుంటా, రేటింగ్ కొంచెం తక్కువైనా సరే. ఫోర్స్ చెయ్యని ప్లేయర్లకి కూడా అప్పుడు లైనప్‌లో చోటు దొరకడం నేను గమనించా.

పిచ్చర్ల (బంతి వేసేవాళ్ళ) సంగతి వేరు, వాళ్ళ దగ్గర ఏఐ చేసే తప్పు కూడా వేరు. 18 ఏళ్ళవాడికి రెండు పిచ్‌లు (బంతి వేసే రకాలు) బాగుండి మూడోది ఇంకా 30లో ఉంటే, స్టామినా కూడా తక్కువ ఉంటే, ఈరోజు లెక్కలో వాడు రిలీవర్, అంటే మ్యాచ్ మధ్యలో వచ్చి కాసేపే వేసేవాడు. ఏఐ బుల్‌పెన్‌లో (రిలీవర్ల గుంపులో) పడేస్తుంది. కానీ మూడో పిచ్ పెరగాలంటే ఇన్నింగ్స్ కావాలి, బుల్‌పెన్‌లో సీజన్‌కి యాభై ఇన్నింగ్స్ వేస్తే ఎక్కడ పెరుగుతుంది. అందుకే షార్ట్‌లిస్ట్‌లో ఉన్న ప్రతి పిచ్చర్‌నీ వాడి రోల్ స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) మార్చి, మూడో పిచ్ పొటెన్షియల్ కనీసం 45 ఉంటే 22 ఏళ్ళు వచ్చేదాకా స్టార్టర్‌గానే ఉంచండి. 22, 23 వచ్చాక కూడా మూడోది రాకపోతే అప్పుడు రిలీవర్‌ని చేసేసి పైకి వేగంగా పంపొచ్చు, రెండు మంచి పిచ్‌లు ఉన్న రిలీవర్ ఒక్క ఏడాదిలో రెండు లెవెల్స్ ఎక్కేస్తాడు. ఒక్కో టీమ్‌లో స్టార్టర్ ప్రాస్పెక్ట్‌లు ఐదుగురికి మించకుండా చూసుకోండి, ఆరోవాడు ఎవడో ఒకడు నష్టపోతాడు.

ఇక ఎప్పుడు పైకి పంపాలి అన్నది. నా లెక్క ఇది, మీది వేరే ఉండొచ్చు. బ్యాటర్ అయితే ఆ లెవెల్‌లో కనీసం 200 ప్లేట్ అప్పియరెన్స్‌లు, ఓపీఎస్ ప్లస్ (లీగ్ సగటు 100 అనుకుంటే వాడి బ్యాటింగ్ ఎంత అన్న కొలత) 120 పైన, స్ట్రైకౌట్లు అదుపులో. ఏప్రిల్‌లో పదిహేను రోజులు వాయించేశాడని పంపకండి. పిచ్చర్ అయితే ఈఆర్‌ఏ (సగటున ఇచ్చిన రన్స్) వదిలేసి ఎఫ్‌ఐపీ (ఫీల్డర్లతో సంబంధం లేకుండా పిచ్చర్‌ని కొలిచేది) చూడండి, వెనకాల ఫీల్డింగ్ ఎంత చెత్తగా ఉన్నా అందులో కనపడదు. వయసు కూడా చూడాలి, 19, 20 అయితే సింగిల్-ఎ, 21 దగ్గర హై-ఎ, 22, 23 కి డబుల్-ఎ, ఇంతకంటే ముందుంటే తొందర అక్కర్లేదు, వెనకబడితే కొంచెం తోసినా పర్లేదు. అన్నిటికంటే కష్టమైన మెట్టు హై-ఎ నుంచి డబుల్-ఎ, అందుకే అక్కడ మాత్రం ఒక నెల ఆలస్యమైనా నేను ఆగుతా. పైకి పంపాక 100 ప్లేట్ అప్పియరెన్స్‌ల్లో పూర్తిగా చేతులెత్తేస్తే సిగ్గుపడకుండా వెనక్కి తెచ్చెయ్యండి.

ఇంతవరకూ మన టీమ్ సంగతి. మిగతా 29 టీమ్‌లు కూడా కుర్రాళ్ళని పాడు చేస్తుంటే పదేళ్ళ తర్వాత లీగ్ మొత్తం వెలవెలబోతుంది, దానికి కమిషనర్ మోడ్‌లో (లీగ్ మొత్తం సెట్టింగ్స్ మార్చగలిగే మోడ్) రెండు చోట్ల చెయ్యి పెట్టాలి. ఒకటి ఏఐ ప్లేయర్లని ఎలా అంచనా వేస్తుంది అన్న సెట్టింగ్. అందులో రేటింగ్స్‌కి ఎంత, ఈ ఏడాది స్టాట్స్‌కి ఎంత, పోయిన ఏడాదికి ఎంత, అంతకుముందు ఏడాదికి ఎంత అని వాటాలు ఉంటాయి. ఈ ఏడాది స్టాట్స్ వాటా ఎక్కువ ఉంటే రెండు వారాల ఫామ్ చూసి ఏఐ జనాన్ని పైకీ కిందకీ తిప్పేస్తుంటుంది. దాన్ని కొంచెం తగ్గించి ఆ వాటా రేటింగ్స్‌కి కలపండి, ఐదు ఐదు చొప్పున మార్చి ఒక సీజన్ చూసి మళ్ళీ మార్చండి. ఒకేసారి పెద్దగా మార్చొద్దు, ఎందుకంటే ఇదే అంచనాతో ఏఐ ట్రేడ్‌లు కూడా చేస్తుంది, రేటింగ్సే అంతా అయిపోతే ప్రతి టీమూ స్టాట్స్ బాగున్న ముసలి ప్లేయర్‌ని మీకు ఊరికే ఇచ్చేస్తుంది, గేమ్‌లో మజా పోతుంది.

రెండోది మైనర్ లీగ్స్‌కి వయసు పరిమితి. డొమినికన్ లీగ్, కాంప్లెక్స్ లీగ్ లాంటి అడుగు లెవెల్స్‌కి మాత్రమే పెట్టండి, అక్కడ 24 ఏళ్ళవాడు కూర్చుంటే 17 ఏళ్ళవాడికి బ్యాట్ దొరకదు. సింగిల్-ఎ కి పెట్టినా కొంచెం వదులుగా పెట్టండి. డబుల్-ఎ, ట్రిపుల్-ఎ కి అసలు వద్దు, నేను ఒకసారి డబుల్-ఎ కి 26 అని పెడితే స్ప్రింగ్‌లో ఏఐ టీమ్‌లన్నీ పనికొచ్చే వాళ్ళని కూడా కుప్పలుగా రిలీజ్ చేసేశాయి, సగం లీగ్ ఫ్రీ ఏజెంట్ల (ఏ టీమ్ లేనివాళ్ళ) లిస్ట్‌లో తేలింది. కాపీ పెట్టుకోమన్నది ఇందుకే.

రూల్ 5 డ్రాఫ్ట్‌ని మర్చిపోకండి. 18 లేదా అంతకంటే చిన్న వయసులో సైన్ అయినవాడికి ఐదు సీజన్లు, 19 పైన సైన్ అయినవాడికి నాలుగు సీజన్లు రక్షణ, ఆ తర్వాత మేజర్ లీగ్ టీమ్ 40 మంది లిస్ట్‌లో లేకపోతే డిసెంబర్‌లో వేరే టీమ్ లక్ష డాలర్లకి ఎత్తుకుపోతుంది. ఈ లిస్ట్ మాత్రం ఏఐకి వదలొద్దు, నవంబర్ గడువుకి ముందు మీరే కూర్చోండి. తీసుకున్న టీమ్ వాడిని సీజన్ అంతా మేజర్ లీగ్‌లో ఆడే 26 మందిలో ఉంచాలి కాబట్టి సింగిల్-ఎ లో ఉన్న 20 ఏళ్ళ పచ్చి కుర్రాడిని ఎవరూ తీసుకోవడం అరుదు, ట్రిపుల్-ఎ లో రెడీగా ఉన్న రిలీవర్‌ని మాత్రం తప్పకుండా చూస్తారు. చోటు తక్కువ ఉంటే రెండోవాడినే కాపాడండి.

నెలనెలా టీమ్‌ల సర్దుడు కాక, షార్ట్‌లిస్ట్‌ని నేను చూసేది ఐదు సార్లే, ఏప్రిల్ మొదట్లో లాక్‌లు, ఫోర్స్‌లు పెట్టడానికి, మే చివర్లో, డ్రాఫ్ట్ ముందు, ట్రేడ్ డెడ్‌లైన్ తర్వాత, నవంబర్‌లో. ప్రతిసారీ షార్ట్‌లిస్ట్ తెరిచి ప్లేట్ అప్పియరెన్స్‌ల కాలమ్ మీద సార్ట్ చేస్తా, అందరికంటే తక్కువ ఉన్న ముగ్గురి దగ్గరికి ముందు వెళ్తా, దెబ్బ తగిలిందా, లైనప్‌లో లేడా చూస్తా. పావుగంట కూడా పట్టదు. నవంబర్‌లో పాత లాక్‌లన్నీ తీసేయడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే డబుల్-ఎ దాటాల్సినవాడు వచ్చే జూన్‌కి కూడా హికరీలోనే కనిపిస్తాడు.