పాత బండి ఊరికే హీటెక్కుతోందా? ఎప్పుడు ఎక్కుతోందో ముందు పట్టుకోండి

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వ్) పీకేయించారు, రేడియేటర్ కడిగించారు, వాటర్ పంపు కొత్తది వేయించారు. అయినా ఎండాకాలం మధ్యాహ్నం కర్నూలు బళ్లారి చౌరస్తా దాటేసరికి మీటర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. ఇలాంటి బండికి ఇంకో పార్టు మార్చే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వేడి ఏ సమయంలో ఎక్కుతోంది? దీనికి సరైన జవాబు దొరికితే సగం అనుమానాలు అక్కడికక్కడే పోతాయి.

ట్రాఫిక్‌లో, ఐడిల్‌లో నిలబడినప్పుడు ఎక్కి, హైవే మీద అరవైలో పోతుంటే దిగితే లోపం గాలిది: ఫ్యాన్, ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ (గాలి రేడియేటర్ గుండానే పోయేలా చూసే చట్రం), రేడియేటర్ ముందు పేరుకున్న దుమ్ము. ఊళ్లో బాగానే ఉండి, కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడో, లోడుతో ఎనభై దాటినప్పుడో ఎక్కితే లోపం నీళ్ల ప్రవాహానిది: లోపల మూసుకుపోయిన రేడియేటర్, అరిగిన పంపు, పీల్చుకుపోయే కింది హోస్. చల్లగా ఉన్న బండి స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు లేస్తే థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుందని, లేదా లోపల గాలి ఇరుక్కుందని అర్థం. బయట ఎక్కడా చుక్క కారకుండా నీళ్లు తగ్గుతూ వేడెక్కుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పలకను) అనుమానించాలి.

అసలు వేడెక్కుతోందా లేదా అన్నది కూడా చూడాలి. పాత బండ్లలో సెన్సర్, ఎర్త్ వైరు పాడై మీటర్ అబద్ధం చెప్పడం మామూలే. ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌ను థర్మోస్టాట్ దగ్గర పై హోస్ పైపు మీద పెట్టి చూడండి. మెరిసే అల్యూమినియం మీద రీడింగ్ తప్పు వస్తుంది, నల్ల రబ్బరు మీద సరిగ్గా వస్తుంది. 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండి ముల్లు మాత్రం ఎర్ర గీత దగ్గరుంటే వైరింగ్ చూపించండి.

బోరు నీళ్లు చేసే పని

మన సీమలో ఈ రోగానికి పెద్ద మూలం ఇదే. కడప, కర్నూలు వైపు చాలా చోట్ల నేల సున్నపురాయి. నాపబండలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ ఉన్నది అందుకే. అనంతపురం వైపు బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఉప్పులు పెరుగుతాయి. ఆ నీళ్లు రేడియేటర్‌లో పోస్తే వేడికి సున్నం పొరగా కడుతుంది. సన్నని ట్యూబుల్లో కట్టితే దారి మూస్తుంది. సిలిండర్ల చుట్టూ, హెడ్‌లో కట్టితే ఇనుములోని వేడిని నీళ్లు లాక్కోలేవు. ఇక్కడే చాలామంది మోసపోతారు: కొత్త రేడియేటర్ వేసినా వేడి తగ్గదు, ఎందుకంటే పొర ఇంజిన్ లోపలే ఉంది.

రేడియేటర్ మూసుకుందో లేదో చూడటానికి, ఇంజిన్ వేడెక్కాక ఆపి, థర్మామీటర్‌తో కోర్ అంతా వరుసగా చూడండి. నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు వేడి మెల్లగా తగ్గాలి. మధ్యలో అక్కడక్కడ చల్లటి మచ్చలు తగిలితే ఆ ట్యూబుల్లో నీళ్లు పారడం లేదు. కరెంట్ ఫ్యాన్ ఉన్న బండిలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు. చేతులు జాగ్రత్త.

పొర పలచగా ఉంటే నిమ్మ ఉప్పుతో కరుగుతుంది. బాగా చల్లారాక పాత నీళ్లు దించి, ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిచి రాసుకోండి. దింపిన నీళ్లలో కూలెంట్ (తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపే ద్రవం) ఉంటే వీధిలో పారబోయొద్దు. అది తియ్యగా ఉంటుంది, మేకలు, కుక్కలు తాగితే చచ్చిపోతాయి. థర్మోస్టాట్ తాత్కాలికంగా తీసి, లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున బకెట్‌లో కరిగించి కొంచెం కొంచెంగా పోయండి. సున్నం తగిలి బుసబుస పొంగుతుంది, అది తగ్గాకే మూత పెట్టాలి. ఇంజిన్‌ను 15-20 నిమిషాలు వేడి మీద నడిపి, ఆపి, చల్లారాక దించండి. తర్వాత రంగు లేని నీళ్లు వచ్చేదాకా కడగాలి, మూడు నాలుగు సార్లకు తక్కువ కాకుండా. బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, రెండూ అల్యూమినియం హెడ్‌ను తినేస్తాయి. ఒక్కోసారి కడిగిన తర్వాత రేడియేటర్ కారడం మొదలవుతుంది. నిమ్మ ఉప్పు చెడగొట్టిందని అనుకుంటారు. అక్కడ చిల్లు ముందే పడి ఉంటుంది, సున్నం దాన్ని మూసిపెట్టి ఉంటుంది.

పొర మందంగా కట్టిన ఇత్తడి రేడియేటర్‌కు ఈ వైద్యం చాలదు. ట్యాంకులు విప్పి ట్యూబుల్లో చువ్వలు ఆడించి శుభ్రం చేసే రేడియేటర్ షాపుకు పంపాలి. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్ అయితే మార్చడమే మేలు.

థర్మోస్టాట్ తీసేయొద్దు

"ఎండలకు అది అక్కర్లేదు సార్" అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. అది తప్పు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరుగుతుంది. ఉదయం ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఘాట్ మీద మళ్లీ హీటెక్కుతుంది. రెండు విధాలా నష్టమే.

దాన్ని పరీక్షించడం తేలిక. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి కాచండి. దాని మీద కొట్టిన అంకె దగ్గర, సాధారణంగా 82 లేదా 88 డిగ్రీలు, తెరుచుకోవడం మొదలై 95 నుంచి 100 లోపు పూర్తిగా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు స్ప్రింగ్ ఇంజిన్ వైపు, గాలి పోయే చిన్న పిన్ పై వైపు ఉండాలి.

గాలి, మూత, హోసులు

రోడ్డు మీద నూర్చిన కందుల పొట్టు, వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి కలిసి రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య అట్ట కడతాయి. ముందు నుంచి చూస్తే కనపడదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టండి. ఎక్కువైతే రెక్కలు వంగి దారి మరింత మూసుకుంటుంది.

కరెంట్ ఫ్యాన్ తిరగకపోతే, రేడియేటర్‌కు ఉన్న రెండు వైర్ల స్విచ్ కనెక్టర్ పీకి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి ఆ రెండు వైర్లు కలపండి. తిరిగితే స్విచ్ పోయింది, తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటార్. కంప్యూటర్ ఉన్న బండికి ఇలా చేయకూడదు. మోటార్ మార్చాక ఒకసారి ఫ్యాన్ ముందు కాగితం పెట్టి చూడండి, వైర్లు తారుమారైతే గాలిని లాగకుండా ముందుకు తోస్తుంది. విస్కస్ ఫ్యాన్ (వేడెక్కితే కప్లింగ్ పట్టు పెరిగే ఫ్యాన్) ఉన్న డీజిల్ బండిలో, వేడెక్కాక ఇంజిన్ ఆపి చేత్తో తిప్పితే గట్టిగా పట్టి ఉండాలి. గిరగిరా తిరిగితే కప్లింగ్ పోయింది.

రేడియేటర్ మూతను చిన్న చూపు చూడొద్దు. 0.9 (బార్, అంటే అది ఆపే ప్రెషర్) అని రాసి ఉన్న మంచి మూత ఉంటే ఉత్త నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోతే 100 దగ్గరే పొంగి బయటికి పోతాయి. అలాగని 1.1 మూత వేస్తే పాత రేడియేటర్ అతుకులు విడుస్తాయి, కంపెనీ చెప్పిన అంకే వేయాలి. చల్లారాక పై హోస్ చప్పిడిగా లోపలికి పీల్చుకుపోతే మూతలోని చిన్న వాల్వ్ పనిచేయడం లేదు. ఇంజిన్‌ను రేజ్ చేసినప్పుడు కింది హోస్ ముడుచుకుంటే దాని లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి పోయింది.

హెడ్ గ్యాస్కెట్

పూర్తిగా చల్లారిన బండి స్టార్ట్ చేసిన ఒక నిమిషంలోనే పై హోస్ గట్టిపడితే, లేదా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే, సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి దూరుతున్నట్టు. నీలం రంగు ద్రవంతో చేసే లీక్ టెస్ట్‌లో ఆ ద్రవం పెట్రోల్ బండికి పసుపుగా, డీజిల్‌కు ఆకుపచ్చగా మారితే ఇక అనుమానం లేదు. హెడ్ దింపినప్పుడు గ్యాస్కెట్ ఒక్కటే మార్చి ఎక్కించనివ్వొద్దు. లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టించండి. చాలా చిన్న ఇంజిన్లకు హెడ్ వంపు 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలి. బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

నింపడం, ఘాట్ మీద చూడటం

మన దగ్గర మంచు పడదు కాబట్టి 30-40 శాతం కూలెంట్ చాలు. కావాల్సింది తుప్పు పట్టనివ్వని గుణం. మిగతాది బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్. రెడీమేడ్ కూలెంట్ అయితే నీళ్లు కలపొద్దు. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలిపి, బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి వదిలే మర) ఉంటే వదులు చేసి, మెల్లగా పోయండి. హీటర్ ఉంటే పూర్తి వేడిలో పెట్టండి. దింపినప్పుడు రాసుకున్న లీటర్ల కంటే తక్కువ పట్టిందంటే లోపల గాలి ఉంది.

తర్వాత ఎండ ఉన్నప్పుడే ఘాట్ ఎక్కించి చూడండి. నంద్యాల వాళ్లకు గిద్దలూరు దారిలో నల్లమల ఘాట్ ఉంది. ముల్లు సగం దాటితే ఏసీ ఆపి, గేరు తగ్గించి, హీటర్ ఆన్ చేయండి. ఎర్ర గీత తాకితే పక్కకు ఆపి ఇంజిన్ ఆర్పేయండి. మూత తీయొద్దు, హెడ్ మీద చల్లటి నీళ్లు పోయొద్దు. అర గంటకు తగ్గకుండా ఆగాలి. ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కి వస్తే, మర్నాడు తెల్లవారుజామున స్టార్ట్ చేయకముందు మూత తీసి లెవెల్ చూడండి. వారం రోజులు ఇలాగే చూడాలి. తగ్గిందంటే ఎక్కడ పోతోందో మళ్లీ వెతకాలి.